ట్యూషన్ కంపెనీలో ఉద్యోగం: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో తొమ్మిదేళ్లుగా లెక్కలు చెప్తున్నాను. మొదటి రెండేళ్లు నయీంనగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో చేశాను. ఆ తర్వాత నుంచి ఇళ్లకు ట్యూటర్లను పంపే ఒక ప్రైవేటు కంపెనీలో ఉన్నాను. పొద్దున ఆన్‌లైన్ క్లాసులు, సాయంత్రం పిల్లల ఇళ్ల దగ్గర క్లాసులు. బీఈడీ అయిపోయినవాళ్లు నెలకు ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేసి "మేడం, అందులో చేరొచ్చా?" అని అడుగుతారు. చేరొద్దని ఎవరికీ చెప్పను. కానీ వాళ్లు నమ్ముకుని వచ్చే మాటల్లో చాలావరకు నిజం కావు. తల్లిదండ్రులు అనుకునేవీ కొన్ని అలాంటివే.

అపోహ: గంటకు 300 అంటే మంచి సంపాదనే.

వాస్తవం: ఏ గంటకు 300 ఇస్తున్నారో చూడాలి. నా మామూలు సాయంత్రం ఒకటి చెప్తాను. నాలుగున్నరకు ఇంట్లో బయల్దేరతాను. అయిదింటికి కాజీపేటలో పదో తరగతి అబ్బాయి. ఆరింటికి అక్కడ లేస్తే ఫాతిమానగర్ ట్రాఫిక్ దాటి సుబేదారిలో రెండో ఇల్లు చేరేసరికి ఆరున్నర దాటుతుంది. ఎనిమిదింటికి వరంగల్ శివనగర్‌లో మూడో క్లాసు. ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. అన్నం తిన్నాక యాప్‌లో మూడు క్లాసుల రిపోర్టులు నింపాలి, టెస్ట్ పేపర్లు దిద్దాలి, తల్లులు పెట్టిన వాయిస్ మెసేజ్‌లకు జవాబివ్వాలి. దానికి ఇంకో గంటన్నర.

మొత్తం ఆరున్నర గంటలు. కంపెనీ లెక్కలో మూడు గంటలే, అంటే 900 రూపాయలు. గంటకు 140 కూడా పడలేదు. అది కూడా పెట్రోలు, జిరాక్స్ ఖర్చు తీయకముందు.

పిల్లవాడు రాకపోతే ఆ క్లాసు డబ్బు ఉండదు. 2023 జులై వానలకు నయీంనగర్ నాలా పొంగి, హంటర్ రోడ్డు వైపు కాలనీలు మునిగినప్పుడు వారం రోజులు ఒక్క ఇంటికీ పోలేకపోయాను. ఆ వారం జీతం సున్నా. దసరా సెలవులకు అంతే, మేడారం జాతరకు అంతే. మే నెల గురించి చెప్పనక్కర్లేదు. అందుకే చేరేముందు గంటకు ఎంత అని మాత్రమే అడిగి ఊరుకోకండి. క్లాసు టైముకు గంట ముందు పేరెంట్ క్యాన్సిల్ చేస్తే నాకేమిస్తారు, ప్రయాణ ఖర్చు ఉందా, ఏడాదిలో ఎన్ని నెలలు క్లాసులుంటాయి అని అడగండి. జవాబు నోటిమాటగా వద్దు, మెయిల్‌లో రమ్మనండి.

అపోహ: మేం కట్టే ఫీజంతా టీచర్‌కే పోతుంది.

వాస్తవం: కోచింగ్ మీద 18 శాతం జీఎస్టీ ఉంది. 11,800 కడితే అందులో 1,800 పన్నే. మిగిలిన పదివేలలోంచి ప్రకటనలు, ఆఫీసు అద్దె, యాప్, అడ్మిషన్ చేయించిన కౌన్సెలర్ ఇన్సెంటివ్ పోవాలి. నా విషయంలో చేతికి వచ్చింది సగం ఎప్పుడూ దాటలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఒక సంవత్సరం పర్వతగిరి వైపు నుంచి వచ్చి ఇక్కడ గది తీసుకుని కూతురిని చదివిస్తున్న ఒక రైతు, ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మిన రోజే నేరుగా ఆఫీసుకు వెళ్లి రెండో వాయిదా కట్టాడు. సాయంత్రం నేను క్లాసుకు వెళ్తే, "మేడం, ఇగ మీ పైసలు మీకు ముట్టినయ్ గదా, పిల్లను జర మంచిగ చూడుండ్రి" అన్నాడు. అప్పటికి నాకు రెండు నెలల జీతం రాలేదు. ఆయనకు ఆ మాట చెప్పలేదు. చెప్తే ఆయన ఏం చేస్తాడు? కానీ ఆయన పత్తి పైసలకు, నా బ్యాంకు ఖాతాకు మధ్య ఎంత దూరం ఉందో ఆ రోజు బాగా తెలిసింది.

అపోహ: సబ్జెక్ట్ గట్టిగా వస్తే చాలు.

వాస్తవం: ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసి వచ్చినవాళ్లు కూడా మొదటి నెలలోనే ఇబ్బంది పడేది ఇక్కడే. మా పనిలో కష్టమంతా పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో పట్టుకోవడంలో ఉంటుంది.

కాజీపేట అబ్బాయి సంగతే చూడండి. నన్ను పెట్టుకున్నది త్రికోణమితి కోసం. మొదటి క్లాసులో సైన్ స్క్వేర్ 45 ప్లస్ టాన్ స్క్వేర్ 30 ఇచ్చాను. విలువలు తడుముకోకుండా చెప్పాడు. మొదటిది 1/2, రెండోది 1/3. రెండూ సరైనవే. కింద గీత గీసి జవాబు 2/5 అని రాశాడు. పైవి పైవి కలిపాడు, కిందవి కిందవి కలిపాడు.

తప్పు అని చెప్పలేదు. ఒక కాగితం పొడుగ్గా చింపి సగానికి మడిచి చేతిలో పెట్టాను. "ఈ సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే ఎక్కువ అవ్వాలా, తక్కువ అవ్వాలా?" "ఎక్కువ." "పది రూపాయల్లో సగమెంత?" "అయిదు." "పది రూపాయల్లో 2/5 ఎంత?" వేళ్ల మీద లెక్కపెట్టి "నాలుగు" అన్నాడు. తర్వాత కాసేపు మాట్లాడలేదు. తను రాసిన జవాబు వైపు చూస్తూ, "అయితే కలిపితే తగ్గింది మేడం" అన్నాడు. ఆ మాట వాడంతట వాడే అనాలి, నేను అనకూడదు. ఆ కాగితాన్నే ఆరు భాగాలుగా మడిపించాను. సగం అంటే మూడు మడతలు, మూడో వంతు అంటే రెండు మడతలు. మొత్తం అయిదు. క.సా.గు. అనే మాట అయిదో తరగతి నుంచి వింటున్నాడు, అది ఎందుకో మాత్రం ఆ రోజే తెలిసింది.

అలా మూడు క్లాసులు భిన్నాల మీదే పోయాయి. యాప్‌లో త్రికోణమితికి ఇచ్చింది మొత్తం అయిదు క్లాసులు. నాలుగో రోజు కోఆర్డినేటర్ ఫోన్: "మేడం, మీ స్టూడెంట్ రెడ్‌లో కనిపిస్తున్నాడు, టాపిక్ కంప్లీట్ అని పెట్టండి." ఆ టిక్కు పెట్టడం చాలా తేలిక. చాలామంది పెట్టేస్తారు, వాళ్లను తప్పుపట్టలేను. రేటింగ్ తగ్గితే కొత్త పిల్లలను ఇవ్వరు. కానీ నేను పెట్టలేదు. ఎందుకంటే మొదటి రోజే ఆ తల్లికి, "బాబుకు భిన్నాల దగ్గర ఇబ్బంది ఉంది, మూడు క్లాసులు అక్కడే ఉంటాం" అని మెసేజ్ పెట్టి, అదే కోఆర్డినేటర్‌కూ పంపాను. కొత్తగా చేరేవాళ్లు ఈ ఒక్క అలవాటు చేసుకోండి. సిలబస్ షీటు వదిలి పక్కకు వెళ్తున్న రోజే ఎందుకు వెళ్తున్నారో రాసి పెట్టండి. నెల తర్వాత చెప్తే అది సాకులాగే వినిపిస్తుంది.

అపోహ: ర్యాంకు వచ్చిందంటే ఫలానా కంపెనీయే తెచ్చింది.

వాస్తవం: ఆ పిల్ల కాలేజీలో చదివి ఉంటుంది, వేరేచోట టెస్ట్ సిరీస్ రాసి ఉంటుంది, మా దగ్గర రెండు నెలలు ఆన్‌లైన్ డౌట్స్ క్లాసులు విని ఉంటుంది. ఫోటో మాత్రం అందరి హోర్డింగుల మీదా ఉంటుంది. దీని మీద 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. విద్యార్థి ఏ కోర్సు తీసుకున్నాడో, ఎంతకాలం తీసుకున్నాడో ప్రకటనలో చెప్పాలి. విజయం సాధించాక రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే పేరూ ఫోటో వాడాలి. అదే ఏడాది జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్ల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో ర్యాంకు గ్యారంటీ ఇవ్వకూడదని, 16 ఏళ్లలోపు పిల్లలను చేర్చుకోకూడదని, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు 10 రోజుల్లో తిరిగివ్వాలని ఉంది. వాటిని అమలు చేయాల్సింది రాష్ట్రాలు.

టీచర్‌కు ఇది డెమో క్లాసు రోజు ఎదురవుతుంది. పక్కన కౌన్సెలర్ కూర్చుని "మా మేడం చేతిలో పెడితే ఎంసెట్ ర్యాంకు గ్యారంటీ" అంటాడు, పేరెంట్ మన ముఖం వైపు చూస్తాడు. పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారినా మా దగ్గర ఇంకా ఎంసెట్ అనే అంటారు. అప్పుడు నేను చెప్పేది ఒకటే: "160 ప్రశ్నల్లో 80 లెక్కలవే, మూడు గంటల టైము. తప్పుకు మార్కు కోసేది లేదు. అమ్మాయి ఇప్పుడు ఎన్ని చేయగలదో ఒక పేపర్ పెట్టి చూద్దాం, తర్వాత మాట్లాడదాం." దీనివల్ల రెండు మూడు అడ్మిషన్లు పోయాయి, నిజమే. చేరినవాళ్లతో మాత్రం ఏడాది చివర మాట పడలేదు.

అపోహ: ప్రైవేటులో పీఎఫ్‌లు, హక్కులు ఏముంటాయి?

వాస్తవం: 20 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థకు పీఎఫ్ చట్టం వర్తిస్తుంది. అందుకే చాలాచోట్ల మనల్ని ఉద్యోగి అనకుండా "కన్సల్టెంట్" అని కాగితం మీద రాసి, ప్రొఫెషనల్ ఫీజు పేరుతో 10 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, కోస్తారు. ఆ పదిశాతం పోయిన డబ్బు కాదు. మీ ఆదాయం పన్ను పడే స్థాయిలో లేకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. నేను మొదట్లో తెలియక రెండేళ్లు వేయలేదు, అది ఇప్పటికీ బాధే. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద ఎంత కట్టారో కనిపిస్తుంది. కోసి కట్టకపోతే అది కూడా అక్కడే తెలిసిపోతుంది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకండి. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, వెనక్కి తెచ్చుకోండి. అవి ఆఫీసు బీరువాలో ఉండిపోయి, డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామకం) సర్టిఫికెట్ వెరిఫికేషన్ ముందు రోజు రాత్రి ఏడ్చిన అమ్మాయిని చూశాను.

అపోహ: ఆడపిల్లలకు ఇళ్లకెళ్లి చెప్పే పని కుదరదు.

వాస్తవం: జాగ్రత్తలతో కుదురుతుంది. మొదటి క్లాసుకు ముందు తల్లితో ఫోన్‌లో మాట్లాడతాను. హాల్లోనే కూర్చుంటాను. పెద్దవాళ్లెవరూ లేకపోతే గుమ్మం దగ్గర నుంచే తిరిగొచ్చి ఆఫీసుకు మెసేజ్ పెడతాను. ఆ రోజు డబ్బు పోయినా సరే.

అపోహ: డీఎస్సీ పడేదాకా కాలక్షేపం, అంతే.

వాస్తవం: నాతోపాటు అలా అనుకుని చేరినవాళ్లు ఎంతోమంది. 2017 టీఆర్టీ (అప్పట్లో డీఎస్సీకి ఆ పేరు) తర్వాత మళ్లీ నియామకాలు జరిగింది 2024 డీఎస్సీతోనే. పోస్టులు 11,062. ఏడాదికని వచ్చినవాళ్లు అన్నేళ్లూ ఇక్కడే ఉన్నారు. పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. సాయంత్రమంతా క్లాసులకు పోతే చదువుకోవడానికి తెల్లవారుజామే మిగులుతుంది. కాబట్టి నిజంగా డీఎస్సీ కోసమైతే రోజుకు రెండు క్లాసులకు మించి ఒప్పుకోకండి, కోఆర్డినేటర్ ఎంత బతిమాలినా సరే.

మా బ్యాచ్‌లో ఒకమ్మాయికి 2024లో ఎస్జీటీ, అంటే ప్రైమరీ బడి టీచరు పోస్టు, వచ్చింది. ములుగు జిల్లాలో చిన్న బడి. చేరిన నెలకు ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు కాగితం మడిచి భిన్నాలు చెప్తావు కదా, ఆరు మడతలు సమానంగా రావాలంటే ముందు మూడుకు మడవాలా, రెండుకు మడవాలా?" అని. ముందు మూడుకు మడిచి, తర్వాత సగానికి మడవమని చెప్పాను. రెండు రోజులకు వాళ్ల నాలుగో తరగతి పిల్లలు చింపిన కాగితాల ఫోటో పంపింది.