కప్పెయ్యక ముందే చూడాలి: రోడ్డు పనుల మీద అపోహలు - వాస్తవాలు

వరంగల్, హన్మకొండ, కాజీపేట వాడల్లో రోడ్లు, మోరీలు, పైపులైన్ల పనులు దగ్గరుండి చూసే ఉద్యోగం నాది. రోడ్డు ఎన్నేళ్లు నిలుస్తుందో పైన కనిపించే నునుపును బట్టి చెప్పలేం. కింద ఏం పరిచారు, ఎంత గట్టిగా కూర్చోబెట్టారు అన్నదాని మీదే అంతా ఉంటుంది. అది కంటికి కనబడేది గుంత తెరిచి ఉన్న ఒకటి రెండు రోజులే. ఆ రోజుల్లో అడగాల్సింది అడగకుండా జనాన్ని ఆపుతున్న కొన్ని నమ్మకాల గురించి రాస్తున్నాను.

అపోహ: ఇన్‌స్పెక్టర్ అంటే పని అయ్యాక వచ్చి టేపు పెట్టి కొలిచేవాడు.

కొలతలు తీసి ఎం బుక్‌లో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, ఎక్కించడం చివరి మెట్టు. అసలు పని అంతకు ముందే ఉంటుంది. నేల చదును చేశాక చూడాలి, మొరం పరిచి రోలర్ తిప్పాక చూడాలి, పైపు వేసి ఇంకా పూడ్చకముందు చూడాలి. కాంక్రీటు పడుతున్నంతసేపూ అక్కడే నిలబడాలి. రోడ్డు వేశాక కోర్, అంటే మిషన్‌తో తొలిచి గుండ్రటి ముక్క, తీస్తే మందం తెలుస్తుంది, కాంక్రీటు బలం తెలుస్తుంది. కానీ పక్కన పూడ్చిన పైపు గుంతలో మట్టి ఎట్లా కూర్చుందో మళ్లీ తవ్వితే తప్ప తెలియదు.

అపోహ: గుంత పూడ్చి నీళ్లు వదిలితే మట్టి దానంతట అదే కూర్చుంటుంది.

మా దగ్గర ఎక్కువ రోడ్లను చెడగొట్టేది ఈ నమ్మకమే. నల్లా లైన్ కోసమో, కేబుల్ కోసమో తవ్వుతారు. తవ్విన మట్టినే జేసీబీతో ఒకేసారి లోపలికి నెట్టి, ట్యాంకర్‌తో నీళ్లు కొట్టి, పైన కాంక్రీటు పోసి వెళ్లిపోతారు. వానలు పడ్డాక ఆ గీత పొడవునా రోడ్డు కుంగుతుంది.

మన ప్రాంతంలో చెలక నేలలూ ఉన్నాయి, నల్లరేగడీ ఉంది. నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలు బారుతుంది. దాన్ని గడ్డలు గడ్డలుగా గుంతలో వేస్తే గడ్డల మధ్య సందులు అట్లాగే ఉండిపోతాయి. నీళ్లు పోస్తే పైపొర బురదై సందుల్ని కప్పేస్తుంది. చూడటానికి నిండినట్టే ఉంటుంది, లోపల మాత్రం బోలు.

సరైన పద్ధతిలో పైపు కింద, చుట్టూ ఇసుకో డస్టో (క్రషర్ రాతిపొడి) వేయాలి. ఆపైన మొరం పొరలు పొరలుగా, ఒక్కో పొర 15 నుంచి 20 సెంటీమీటర్లు మించకుండా పరిచి, ప్రతి పొరనూ మిషన్ దిమ్మిసతో కొట్టాలి. మొరంలో తడి ఎంతుండాలో చేతితోనే తెలుస్తుంది. పిడికెడు తీసుకుని గట్టిగా పిసికితే ముద్ద నిలవాలి, చేతికి నీళ్లు కారకూడదు. విడిపోయిందంటే తడి చాలలేదు. కారిందంటే ఎక్కువైంది, ఆరేదాకా ఆగాలి. ఇక కూర్చుందో లేదో తెలియడానికి లెక్కగా చేసే ఇసుక పరీక్ష ఉంది. అది కాక నేను చేతిలో సన్నని ఇనుప చువ్వ ఒకటి పెట్టుకుంటాను. బాగా దిమ్మిస పడ్డ మొరంలో అది రెండు మూడు అంగుళాలకే ఆగిపోతుంది. అర మీటరు సర్రున దిగిపోయిన చోట, పూడ్చిందంతా తీయించి మళ్లీ మొదటి నుంచి చేయించాల్సిందే. అక్కడ మొహమాటానికి పోతే ఆరు నెలల తర్వాత ఎవరో ఒకరు బండి మీద నుంచి పడతారు.

కోసిన రోడ్డు అంచుల సంగతి కూడా ఇంతే. బ్రేకర్‌తో వంకరటింకరగా పగలగొట్టి వదలకుండా, కట్టర్‌తో నిటారుగా కోయాలి. గుంత కన్నా రెండు వైపులా కొంచెం వెడల్పుగా కోసి పోస్తే కొత్త కాంక్రీటు అంచులు కదలని నేల మీద ఆనుతాయి.

అపోహ: కాంక్రీటు పలచగా ఉంటేనే బాగా పరుచుకుంటుంది.

పలచగా ఉంటే పని తొందరగా అవుతుంది, అంతవరకు నిజం. మేస్త్రీలకు నడుం నొప్పి తగ్గుతుంది, వాళ్ల కష్టం నాకు తెలుసు. కానీ సిమెంటుకు అక్కరలేని నీళ్లు తర్వాత ఆవిరై, అవి ఉన్న చోట సన్నని రంధ్రాలు మిగులుతాయి. ఏడాది తిరక్కుండా పైన దుమ్ము లేచి కంకర తేలే రోడ్లు చాలావరకు ఇట్లా తయారైనవే.

అందుకే కాంక్రీటు బండి రాగానే, పలచన ఎంతుందో తెలిపే 30 సెంటీమీటర్ల ఎత్తున్న స్లంప్ కోన్ నింపి, పైకి లాగి, ముద్ద ఎంత జారిందో చూస్తాం. 15 సెంటీమీటర్ల క్యూబ్‌లు పోసి 7 రోజులకు, 28 రోజులకు నొక్కి పరీక్షిస్తాం. ఎం30 గ్రేడు కాంక్రీటు అంటే 28 రోజుల వయసులో అంత చిన్న క్యూబ్ దాదాపు 69 టన్నుల బరువు మోయాలి. క్యూబ్‌లు నా కళ్ల ముందు, రోడ్డు మీద పడుతున్న కాంక్రీటు నుంచే తీయాలి. ప్లాంటులో విడిగా కలిపి పోసిన క్యూబ్ రోడ్డు గురించి ఏమీ చెప్పదు.

"సారూ, నిన్న పోసిన్రు, రాయిలెక్క గట్టివడ్డది, బండి నడిపిస్తే ఏమైతది?" అని అడుగుతారు. గట్టిపడటం వేరు, బలం రావడం వేరు. రోడ్డు మీద మడులు కట్టి నీళ్లు నిలపడమో, తడి గోనె సంచులు కప్పడమో కనీసం 14 రోజులు జరగాలి. మా ఎండాకాలంలో ఒక్క మధ్యాహ్నం ఆరిపోయినా పైన పగుళ్లు వస్తాయి. ఇంటి ముందున్నవాళ్లు సంచులు ఎండిపోయాయని ఫోన్ చేస్తే నాకు విసుగు రాదు, సంతోషం.

అపోహ: పాత రోడ్డు మీదే ఇంకో పొర వేస్తే డబ్బు మిగులుతుంది, రోడ్డు గట్టిగా ఉంటుంది.

రోడ్డు మాటేమో గానీ ఇల్లు మునుగుతుంది. పొర మీద పొర వేస్తూ పోతే గడప కన్నా రోడ్డు ఎత్తవుతుంది. 2020 ఆగస్టులో, 2023 జూలైలో హన్మకొండ, వరంగల్ కాలనీలు నీళ్లలో ఉండటం అందరం చూశాం. నాలాల ఆక్రమణలు పెద్ద కారణమే, కానీ గల్లీ స్థాయిలో రోడ్డు ఎత్తు కూడా నీళ్లను ఇళ్ల వైపు తిప్పుతుంది. పాత కాంక్రీటు తీసేసి, గడపల లెవెల్, మోరీ లెవెల్ చూసుకుని, నడిమి నుంచి పక్కలకు నూటికి రెండు వంతుల వాలు పెట్టాలి. 20 అడుగుల రోడ్డులో ఆ వాలు రెండున్నర అంగుళాల లోపే. కంటికి కనిపించదు, నీళ్లకు తెలుస్తుంది. మీ గల్లీలో పాత రోడ్డు తీయకుండా పోయడానికి వస్తే, పోయకముందే ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) అడగండి.

అపోహ: గేటు ముందు జాగా మనదే.

కాదు. రోడ్డు హద్దు తారు అంచుతో ఆగదు. పక్కన మట్టి, మోరీ, ఫుట్‌పాత్ అన్నీ రోడ్డు జాగాలోవే. మోరీ మీద ర్యాంపు, గద్దె కట్టి మూసేస్తే పూడిక తీసే దారి ఉండదు.

అన్ని రోడ్లూ కార్పొరేషన్‌వే అనుకోవడం కూడా పొరపాటే. ఊళ్లోంచి పోయే 163, 563 జాతీయ రహదారుల లాంటివాటికి వేరే శాఖల అనుమతి కావాలి. ఫిర్యాదు తిరిగి తిరిగి రావడానికి చాలాసార్లు కారణం ఇదే.

అపోహ: తవ్వేవాళ్లకు కింద ఏముందో తెలిసే ఉంటుంది.

పాత వాడల్లో ఎవరి దగ్గరా పూర్తి నక్షా ఉండదు. ఒక శాఖ రోడ్డు వేశాక ఇంకో శాఖ తవ్వుతుందన్న జనం కోపం న్యాయమైనదే. 2023 మార్చిలో కేంద్రం 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ తెచ్చింది, తవ్వేముందు అందులో చెబితే కింద లైన్లున్న సంస్థలకు కబురు వెళ్తుంది. అది మంచిదే, అయినా ముందు చేత్తో చిన్న గుంత తీసి చూసుకోకుండా మిషన్ దించకూడదు.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది మోరీలోంచి దాటించిన నల్లా పైపు. నల్లా రోజంతా కాకుండా కొంతసేపే వచ్చే చోట, సరఫరా ఆగాక పైపులో ఒత్తిడి పడిపోతుంది. చిన్న బీట ఉన్నా మోరీ నీళ్లు లోపలికి గుంజుకుంటాయి. మర్నాడు అవే బిందెలోకి వస్తాయి. మీ కనెక్షన్ మోరీలో మునిగి ఉంటే, పక్కన పని జరుగుతున్నప్పుడే పైకి మార్పించుకోండి.

అపోహ: కూలీల భద్రత కాంట్రాక్టర్ తలనొప్పి.

ఒక ఘనమీటరు మట్టి ఒకటిన్నర టన్నులకు పైనే బరువుంటుంది. ఛాతీ దాకా కూరుకుపోయిన మనిషికి ఊపిరి అందదు. ఒకటిన్నర మీటర్లు దాటిన గుంతకు పక్కలు పలకలతో ఆపాలి, తవ్విన మట్టిని అంచు మీద కుప్ప పోయకూడదు, ఎక్కడానికి నిచ్చెన ఉండాలి. ఇవి లేకుంటే ఎవరు ఎంత తొందరపెట్టినా మనిషిని పైకి రప్పించి పని ఆపిస్తాను. మీరు దారిన పోతూ చూసినా చెప్పండి.

అపోహ: బిల్లు అయిపోయాక ఇక ఎవరూ పట్టించుకోరు.

ప్రతి పనికీ అగ్రిమెంట్లో లోపాల బాధ్యత కాలం రాసి ఉంటుంది. ఆ గడువులో రోడ్డు కుంగినా పగిలినా కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగు చేయాలి, అందుకే డిపాజిట్ సొమ్ము పట్టి ఉంచుతారు. ఫిర్యాదులో పని పేరు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఎప్పుడు పూర్తయింది అన్నవి ఉంటే ఫైలు వెంటనే దొరుకుతుంది. పని పేరు, అంచనా మొత్తం సైటు దగ్గర పెట్టే బోర్డు మీద ఉంటాయి. పని కాగానే ఆ బోర్డు తీసేస్తారు కాబట్టి, అది ఉన్నప్పుడే ఒక ఫోటో తీసి పెట్టుకోండి.