ఆయాసానికి భయపడి కూర్చుంటే కాళ్లూ పోతాయి

డాక్టరు సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలిగొట్టాలు ఇరుకై ఏళ్ల తరబడి ఆయాసపెట్టే జబ్బు) అని చెప్పగానే ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వైపు మన తెలుగిళ్లలో మొదట చేసే పని, ఆ మనిషిని కూర్చోబెట్టేయడం. "నువ్వు లేవకమ్మా, మేం చూసుకుంటాంలే" అని కోడలు చేతిలో బిందె లాక్కుంటుంది. ప్రేమతోనే. కానీ ఆ ప్రేమే మనిషిని మంచానికి కట్టేస్తోంది.

చుట్టలు, బీడీలు కాల్చినవాళ్లకే ఈ జబ్బు వస్తుందనుకుంటాం. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ఊదిన ఆడవాళ్లకూ వస్తుంది. ఇటు శ్రీకాకుళం పల్లెల్లో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దావిడలకైతే రెండు పొగలూ తగిలాయి.

ఇందులో అసలు ఇబ్బంది గాలి పీల్చడంలో కన్నా వదలడంలో ఉంది. గాలిగొట్టాలు ఇరుకైపోయి, లోపలి గాలి పూర్తిగా బయటికి పోకముందే మళ్లీ పీల్చాల్సి వస్తుంది. కొత్త గాలికి చోటుండదు. టెన్షన్ పడితే ఊపిరి వేగం పెరిగి లోపల ఇంకా గాలి చిక్కుకుంటుంది. అందుకే ముక్కుతో పీల్చి, ఈల వేస్తున్నట్టు పెదాలు ముడిచి, పీల్చినదానికి రెట్టింపు సేపు మెల్లగా వదలమంటారు. అలా వదిలితే లోపల కాస్త ఒత్తిడి నిలిచి గొట్టాలు మూసుకుపోవు.

ఇక కాళ్ల సంగతి. నడవకపోతే తొడ కండరాలు కరుగుతాయి. నీరసించిన కండరం చిన్న పనికే అలిసిపోయి ఊపిరితిత్తుల మీద భారం పెంచుతుంది. ఆయాసం ఎక్కువైంది కదా అని మనిషి ఇంకా కూర్చుంటాడు. 6 నుంచి 12 వారాల పాటు వ్యాయామం, శిక్షణ ఇచ్చే పల్మనరీ రిహాబిలిటేషన్‌లో స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష) అంకెలు పెద్దగా మారవు. అయినా రోగి ఎక్కువ దూరం నడుస్తాడు, ఆయాసమూ తగ్గుతుంది. నాకు ఈ జబ్బులో అన్నిటికన్నా ఆశ కలిగించే విషయం ఇదే.

"ఈ పని నేను చేయగలను" అన్న నమ్మకం మీద మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో ఒక సిద్ధాంతం రాశాడు. ధైర్యవచనాలు కొంత పనిచేస్తాయి, తనలాంటి రోగి నడవడం చూస్తే ఇంకొంత. అన్నిటికన్నా బలమైంది స్వయంగా చేసి చూసిన అనుభవం. 1991లో సీఓపీడీ రోగుల కోసం తయారైన 34 అంశాల ప్రశ్నావళి కూడా ఇదే అడుగుతుంది: మెట్లెక్కేటప్పుడు, కోపం వచ్చినప్పుడు, చలిగాలి తగిలినప్పుడు ఆయాసాన్ని అదుపులో పెట్టుకోగలనన్న నమ్మకం మీకెంత?

కాబట్టి డాక్టరును అడిగి, మామ్మను మొదట వీధి గుమ్మం దాకానే నడవనివ్వండి. గడప ముందు ఆగి గాలి పీల్చుకుని, వదులుతూ దాటాలి. బిందె ఎత్తేటప్పుడూ అంతే. స్నానం పీట మీద కూర్చుని చేస్తే సరి. రేపు పక్కింటి అరుగు దాకా.

మందు పీల్చే పంపు (ఇన్‌హేలర్) విషయంలోనూ అంతే. "అలవాటైపోతుంది" అని భయపడి మానేసేవాళ్లున్నారు. అది మత్తుమందు కాదు. మందు నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది కాబట్టి మైక్రోగ్రాముల్లోనే సరిపోతుంది. ఆసుపత్రిలో ఒడియాలో గబగబా చెప్పింది పెద్దవాళ్లకు అందకపోవచ్చు. స్పేసర్ (పంపుకు తగిలించే గొట్టం లాంటి డబ్బా) పెట్టి పీల్చి చూపించమనండి, తర్వాత మామ్మ చేత సిస్టరు ముందే చేయించండి. స్టెరాయిడ్ పంపయితే పీల్చాక నోరు పుక్కిలించాలి.

కళ్లె ఎక్కువైనా, పచ్చబడినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. పెదాలు నీలంగా మారినా, మనిషి మగతగా ఉన్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా తెల్లారేదాకా ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.