105 నిక్కోర్: వెర్షన్ గొడవ కాస్త పక్కన పెట్టి గాజు చూడండి

పాత లెన్సులు విప్పడం, శుభ్రం చేయడం, మళ్ళీ బిగించడం నా పని. టేబుల్ మీదికి నికాన్ వాళ్ళ 105 ఎంఎం ఎఫ్/2.5 నిక్కోర్ లెన్సు వచ్చిందంటే దాని వెనకాలే ఒక ప్రశ్న కూడా వస్తుంది: "ఇది ఏఐ-ఎస్ కాదండీ, అమ్మేసి ఏఐ-ఎస్ తీసుకోమంటారా?" చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది, అందుకే ఒకసారి విడమరిచి రాస్తున్నా. ఏఐ అంటే లెన్సు అపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) ఎక్కడ పెట్టామో కెమెరా బాడీకి తెలిపే అమరిక, ఏఐ-ఎస్ దాని తర్వాతి రూపం.

అపోహ: ఏఐ-ఎస్ అయితేనే షార్ప్‌గా ఉంటుంది.

ఉండదు. అంటే షార్ప్‌గానే ఉంటుంది, కానీ ఏఐ-ఎస్ అయినందుకు కాదు. ఈ లెన్సు ఆప్టికల్ డిజైన్ పెద్దగా మారింది ఒక్కసారే, 1971లో. అంతకుముందు ఉన్నది సోనార్ అనే డిజైన్ తరహా, మూడు గ్రూపుల్లో ఐదు ఎలిమెంట్లు (గాజు ముక్కలు). రేంజ్‌ఫైండర్ కెమెరాల (లెన్సులోంచి కాక విడి కిటికీలోంచి చూసేవి) కోసం పుట్టి 1959లో నికాన్ ఎస్ఎల్ఆర్‌ల ఎఫ్ మౌంట్‌లోకి (లెన్సు బిగించే అమరిక) వచ్చింది. 1971 నుంచి గాస్ అనే ఇంకో తరహా, నాలుగు గ్రూపుల్లో ఐదు ఎలిమెంట్లు. ఆ తర్వాత మల్టీకోటింగ్‌తో (గాజు మీద ప్రతిబింబాలు తగ్గించే పూత) పి.సి. వెర్షన్ వచ్చింది, రబ్బరు రింగుతో కె వెర్షన్ వచ్చింది, 1977లో ఏఐ, 1981లో ఏఐ-ఎస్ వచ్చాయి. పైతొడుగు మారుతూ పోయింది, హుడ్ లెన్సులోనే కలిసిపోయింది, లోపలి డిజైన్ మాత్రం అదే. ఏఐ-ఎస్‌కి నిజంగా కలిసొచ్చేది ఎఫ్ఏ, ఎఫ్-301 లాంటి పాత నికాన్ ఫిల్మ్ బాడీల మీద ప్రోగ్రామ్ మోడ్‌లో (కెమెరానే అన్నీ ఎంచుకునేది) అపర్చర్ కచ్చితంగా పడటం. డిజిటల్ బాడీ మీద ఏఐకీ ఏఐ-ఎస్‌కీ తేడా ఏమీ లేదు.

ఈ నమ్మకం వల్ల జనం ఎలా నష్టపోతారో చెప్తా. ఆమధ్య ఒక కుర్రాడు, పెళ్ళిళ్ళు తీస్తాడు, అద్దంలా ఉన్న కె లెన్సు, అదీ రింగు మార్పించి ఏఐ చేయించుకున్నది, అమ్మేశాడు. పైన కొంత డబ్బు వేసి ఏఐ-ఎస్ కొన్నాడు. ఫోటోలన్నీ పాలు కలిపినట్టు వస్తున్నాయని నా దగ్గరికి తెచ్చాడు, మొహంలో టెన్షన్, "ఈ వెర్షన్ ఇంతేనా అన్నా?" అని. ముందు నుంచి టార్చ్ వేసి వెనక నుంచి ఏటవాలుగా చూస్తే వెనక గ్రూపులో తెల్లగా పొర, ఊపిరి వదిలిన అద్దంలా. అమ్మినవాడు "మింట్" (కొత్తదానిలా ఉంది) అన్నాడట! విప్పి తుడిస్తే పొర పోయింది, అదృష్టం, కోటింగ్ తినేయలేదు. కానీ అతను అమ్ముకున్నదీ కొన్నదీ ఒకే డిజైన్, ఆ సంగతి చెప్పినప్పుడు పాపం చాలాసేపు మాట్లాడలేదు.

కాబట్టి కొనేటప్పుడు పేరు కాదు, ఇవి చూడండి. టార్చ్ వేసి రెండు వైపుల నుంచీ హేజ్ (ఆ తెల్ల పొర లాంటిది), ఫంగస్ చూడండి. ఫంగస్ సాలెగూడు పోగుల్లా అంచు నుంచి పాకుతుంది. తుడిచినా ఒక్కోసారి కోటింగ్ మీద మచ్చ మిగిలిపోతుంది. తర్వాత అపర్చర్‌ని ఎఫ్/16 దగ్గర పెట్టి వెనక ఉన్న లివర్‌ని వేలితో జరిపి వదలండి, బ్లేడ్లు టక్కున మూసుకోవాలి. బద్ధకంగా కదిలితే ఆయిల్ పట్టినట్టే. అలాంటి లెన్సు ఎఫ్/2.5 దగ్గర బాగానే ఉంటుంది, ఎఫ్/8కి వెళ్ళగానే ఫోటోలు తెల్లబడిపోతాయి, ఎందుకంటే షట్టర్ తెరుచుకునేలోపు బ్లేడ్లు మూసుకోవు. మనమేమో మీటర్‌ని తిట్టుకుంటాం.

అపోహ: సోనార్ వెర్షన్‌లో మ్యాజిక్ ఉంది.

రుచి ఉంది, మ్యాజిక్ లేదు. పూర్తిగా తెరిచి దగ్గర నుంచి తీస్తే కొంచెం మెత్తగా ఉంటుంది, పోర్ట్రెయిట్‌కి కొందరికి అది నచ్చుతుంది, నాకూ నచ్చుతుంది. కానీ 1.2 మీటర్ల కంటే దగ్గరికి రాదు, గాస్ అయితే మీటరు దాకా వస్తుంది. ఇందులో ఇంకో తిరకాసు. 1971కి అటూ ఇటూ ఉన్నవి రెండూ నిక్కోర్-పి ఆటోలే. పి అంటే ఐదు ఎలిమెంట్లు, రెండిట్లోనూ ఐదే కాబట్టి పేరు చూసి తేల్చలేరు. వెనక గాజు చిన్నగా ఉంటే సోనార్, వెడల్పుగా ఉంటే గాస్. వెనక గాజు ఫోటో లేకుండా "అరుదైన సోనార్" అని అమ్ముతుంటే ముందు ఆ ఫోటో అడగండి.

అపోహ: ఎఫ్ మౌంటే కదా, ఏ నికాన్‌కైనా పడుతుంది.

ఇది మాత్రం దయచేసి ఆగి చదవండి. ఏఐ కాని లెన్సుని ఎఫ్ఎం2 మీదో, డీ750, డీ850 లాంటి డిజిటల్ బాడీ మీదో బలవంతంగా తిప్పితే మౌంట్ అంచున ఉన్న మీటరింగ్ ట్యాబ్ (లెన్సు అపర్చర్ రింగ్‌ని తాకి బాడీకి తెలిపే చిన్న కొక్కెం) విరుగుతుంది. పాత ఎఫ్ఎం, ఎఫ్ఈ, డిజిటల్‌లో డీఎఫ్ మీద ఆ ట్యాబ్ మడుచుకుంటుంది, వాటికి ఫర్వాలేదు. లెన్సు అపర్చర్ రింగ్ వెనక అంచు ఒకచోట మెట్టులా కోసి ఉంటే ఏఐ లేదా ఏఐగా మార్చినది, చుట్టూ సమంగా ఉంటే కాదు. తిప్పేటప్పుడు ఏదైనా అడ్డు తగిలితే ఆపేయండి, అంతే.

మిగతావి గబగబా. నేషనల్ జియోగ్రాఫిక్ కవర్ మీద వచ్చిన ఆఫ్ఘాన్ అమ్మాయి ఫోటో తీసిన వెర్షనే కావాలని అడుగుతారు. ఫోటోగ్రాఫర్ స్టీవ్ మెక్‌కర్రీ దాన్ని 105 ఎఫ్/2.5తో తీసింది 1984లో, అప్పటికి డిజైన్ మారి పదమూడేళ్ళు, గాస్‌లో ఏది కొన్నా లోపలి డిజైన్ అదే. ఆ వెలుగూ ఆ చూపూ మాత్రం లెన్సుతో పాటు రావు. మల్టీకోటింగ్ లేకపోతే పనికిరాదా అంటే, ఎదురు వెలుతురులో తేడా తెలుస్తుంది, హుడ్ పెడితే చాలావరకు తగ్గుతుంది. క్రాప్ సెన్సర్ (ఫిల్మ్ ఫ్రేమ్ కంటే చిన్నది) మీద 105 కాస్తా 157 అయిపోదు, ఫ్రేమ్ అంచులు కోసుకుపోతాయి, లెన్సు అదే లెన్సు. ఇక లోపల రెండు దుమ్ము నలకలు కనిపించాయని అర్ధరాత్రి ఫోటోలు పంపేవాళ్ళకి: అవి ఫోటోలో పడవు, పడుకోండి.