అహ్మదాబాద్ గుహ: పేరు వెనుక కథ

ఎం.ఎఫ్. హుస్సేన్ పేరు వార్తల్లోకి వచ్చినప్పుడల్లా అహ్మదాబాద్‌లోని గుఫా గురించి పాత తగవు మళ్లీ రాజుకుంటుంది. 'హుస్సేన్-దోషి నీ గుఫా'గా మొదలైన ఈ భూగర్భ చిత్రశాల ఇప్పుడు 'అమ్దావాద్ నీ గుఫా', అంటే గుజరాతీలో 'అహ్మదాబాద్ గుహ'. ఇది ఊరి సొత్తు కాబట్టి ఊరి పేరే ఉండాలని కొందరంటారు. సృష్టించినవాళ్ల పేర్లు ఎందుకు తీసేయాలని మరికొందరు అడుగుతారు. చిత్రకారుడు హుస్సేన్, వాస్తుశిల్పి బాలకృష్ణ దోషి ఎవరో మళ్లీ చెప్పనక్కరలేదు. కానీ ఈ గుహను ఎలా కట్టారో తెలిస్తే తప్ప తగవు అర్థం కాదు.

తన చిత్రాలకు శాశ్వత ప్రదర్శనశాల కట్టమని హుస్సేన్ అడిగారు. 1992లో పని మొదలైంది. అహ్మదాబాద్ ఎండ తెలిసిన ఇద్దరికీ నేల కిందికి దిగడమే మంచిదనిపించింది. దోషి మనసులో అజంతా, ఎల్లోరా ఉన్నాయి. అయితే ఆయన గుహ నుంచి తీసుకున్నది రూపం ఒక్కటే కాదు. సహజమైన గుహలో గోడ ఎక్కడ ముగిసి కప్పు ఎక్కడ మొదలైందో చెప్పలేం. అంతా ఒకే ఒంపు. ఆ ఒంపునే ఆయన కట్టడానికి బలంగా మార్చారు. ఎక్కడా తెగకుండా సాగే పెంకులో భారం అంతటా సర్దుకుంటుంది కనుక, ఇనుప వలకు సిమెంటు పట్టించిన ఫెర్రో సిమెంటు పెంకు ఒక్క అంగుళం మందంతోనే నిలబడింది. మామూలు పునాది కూడా లేదు; ఇనుప వల మీద వేసిన గచ్చే ఆధారం.

ఆకారాల లెక్క కంప్యూటర్ తేల్చింది. కట్టింది మాత్రం ఈ పనిలో శిక్షణ లేని గిరిజన కూలీలు, చేతి పనిముట్లతో. పైన తాబేటి చిప్పల్లా లేచిన గుమ్మటాలకు పగిలిన పింగాణీ ముక్కలు, వృథా పలకలు అతికించారు. వాటి మీదుగా ఒక నల్లని పాము బొమ్మ పాకుతూ ఉంటుంది. లోపల వంకర టింకర స్తంభాల మధ్య, కప్పు గొట్టాల నుంచి దిగే వెలుతురు గుండ్రటి మచ్చలుగా నేల మీద పడి, పొద్దుతో పాటు జరుగుతుంది.

ఫ్రేము తగిలించడానికి అక్కడ తిన్నని గోడే లేదు. కథంతా ఇక్కడే మలుపు తిరిగిందని నా అభిప్రాయం. హుస్సేన్ ఆదిమానవుడిలా నేరుగా గోడల మీదే గీశారు. తలుపులను వదల్లేదు, ఏసీ యంత్రాలనూ వదల్లేదు. స్తంభాల మధ్య లోహపు మనుషులను నిలబెట్టారు. ఇందులో ఏది వాస్తుశిల్పి పని, ఏది చిత్రకారుడి పని అని విడదీయలేం. 1995లో తెరిచినప్పుడు రెండు పేర్లూ కలిపి పెట్టడం అందుకే సహజంగా కుదిరింది.

మరుసటి ఏడాదే, 1970లలో హుస్సేన్ గీసిన సరస్వతి నగ్న రేఖాచిత్రాన్ని ఒక హిందీ పత్రిక బయటికి తీయడంతో గొడవ రేగింది. 1996 అక్టోబరులో బజరంగ్ దళ్ కార్యకర్తలు గుఫా ఆవరణలోని హెర్విట్జ్ గ్యాలరీలోకి చొరబడి ఆయన కళాఖండాలను ధ్వంసం చేశారు. తమ మనోభావాలు దెబ్బతిన్నాయన్నది వారి వాదన. హుస్సేన్‌పై పెట్టిన అశ్లీలత కేసులను 2008లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. అప్పటికే ఆయన దేశం విడిచి వెళ్లారు. 2011లో లండన్‌లో కన్నుమూశారు.

దోషికి 2018లో వాస్తుశిల్పంలో అత్యున్నతంగా భావించే ప్రిట్జ్‌కర్ పురస్కారం వచ్చినప్పుడు ఆయన ముఖ్య నిర్మాణాల్లో ఈ గుహనూ చూపారు, నగరం పేరుతోనే. దోషి కూడా 2023లో కన్నుమూశారు. నగరం పేరును తొలగించమని ఎవరూ పట్టుబట్టనక్కరలేదు. దాని పక్కనే ఆ ఇద్దరి పేర్లూ ఉంటే నగరానికి పోయేదేమీ లేదు. అలా రాసేటప్పుడు చేతులతో ఆ పెంకును మలిచిన గిరిజన కూలీల గురించి కూడా ఒక వాక్యం చేర్చాలి.