నాటు మిరప గింజలు: అపోహలు, వాస్తవాలు

మా దొడ్డిలో పదేళ్లుగా మిరప, కొత్తిమీర, తులసి విత్తనాలు కడుతున్నాను, తోటివారితో ఇచ్చిపుచ్చుకుంటున్నాను. నారు పోసే రోజులు దగ్గరపడగానే ఫోన్లు మొదలవుతాయి. అడిగేవన్నీ దాదాపు ఇవే.

అపోహ: పొట్లం మీద ‘నాటు’ అని రాసి ఉంటే అది నాటు విత్తనమే.

వాస్తవం: మిరప పువ్వు తన పుప్పొడితో తానే కాయ కట్టగలదు. కానీ తేనెటీగ ఊరుకోదు, పక్క మడిలోని హైబ్రిడ్ పుప్పొడిని తెచ్చి అంటిస్తుంది. అందుకే మన దేశ విత్తన ప్రమాణాల ప్రకారం ధ్రువీకరణ విత్తనం (తనిఖీ చేసి రైతులకు అమ్మేది) పండించే చేనికీ మరో రకం మిరపకూ మధ్య 200 మీటర్లు, దానికి మూలమైన ఫౌండేషన్ విత్తనానికైతే 400 మీటర్లు ఉండాలి. ఇరవై సెంట్ల వారికి అంత చోటెక్కడిది? నేను పాత వాయిల్ చీర ముక్కలతో చిన్న సంచులు కుట్టుకుంటాను. మొగ్గ విచ్చకముందే కొమ్మకు తొడిగి, రోజూ పొద్దున్నే వేలితో మెల్లగా తడతాను. పిందె పడ్డాక సంచి తీసి కాడకు ఎర్ర దారం కడతాను. దారం ఉన్న కాయలే విత్తనానికి, మిగిలినవి కూరకు.

విత్తనం ఇచ్చేవారిని ‘అసలైనదేనా’ అని అడిగి లాభం లేదు, అందరూ అవుననే అంటారు. ‘చుట్టుపక్కల ఇంకే మిరప ఉంది? ఎన్ని మొక్కల నుంచి తీశారు?’ అని అడగండి. సొంతంగా పెంచినవారైతే పావుగంట చెబుతారు. ఒకసారి నేను ఇవేవీ అడగకుండానే, చపాటా మిరప అని చెబితే కొనేశాను. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా పొట్టిగా, లావుగా ఉంటుంది. రంగు ఎక్కువ, కారం తక్కువ. నాకు కాసినవి వేలెడు పొడవు సన్నకాయలు. ఆ ఏడు నిల్వ పచ్చడి కళ్లు తుడుచుకుంటూ తిన్నాం.

అపోహ: పక్కన కారపు మిరప ఉంటే బజ్జీ మిరపకాయలు కారమెక్కుతాయి.

వాస్తవం: ఈ ఏడు ఎక్కవు. కాయ కండ తల్లి మొక్కదే. పక్క మొక్క పుప్పొడితో జరిగిన సంకరం గింజలో దాగి, దాన్ని నాటినప్పుడు బయటపడుతుంది. నీటి ఎద్దడికి కాయ కారమెక్కితే నింద పక్క మొక్క మీద పడుతుంది.

అపోహ: చిన్న రైతు విత్తనం అమ్మితే నేరం.

వాస్తవం: దాచుకోవడం, పంచుకోవడం, అమ్ముకోవడం రైతు హక్కులని 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టమే చెబుతోంది. ఆ చట్టం కింద నమోదై రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో మాత్రం అమ్మకూడదు.

అపోహ: నాటు రకానికి తెగులు రాదు.

వాస్తవం: 2021-22లో నల్ల తామర పురుగు మిరప చేలను ఊడ్చేసినప్పుడు నా నాటు మొక్కల పూతా రాలిపోయింది. ఆకు మచ్చలు పడి వంకర తిరిగిన మొక్క నుంచి నేను గింజ తీయను. కొన్ని మొజాయిక్ వైరస్‌లు విత్తనంతోనే వస్తాయి.

ఇక పుదీనా, వాము ఆకు విత్తనాల కోసం వెతకకండి, కొమ్మ గుచ్చితే చాలు. ధనియాలు మాత్రం అరచేత్తో నలిపి రెండు బద్దలు చేసి చల్లండి.

నారు పోసే ముందు పది మిరప గింజలను తడిగుడ్డలో చుట్టి వెచ్చని చోట పెట్టి చూడండి. ఎనిమిది పది రోజులు పడుతుంది, చలికాలంలో ఇంకా ఎక్కువ. నాలుగో రోజే ఫోన్ చేసి ‘మీ గింజలు చచ్చినవండీ’ అనేవారు ఏటా ఇద్దరైనా ఉంటారు.