పూడికమట్టిలో మంచుయుగం

ఎండాకాలం వరంగల్ చుట్టుపక్కల ఏ చెరువులోనైనా పూడిక తీస్తుంటే, జేసీబీ కోసిన అంచు దగ్గర కాసేపు నిలబడండి. పైన నల్లటి బంకమట్టి, కింద వేలెడు మందాన ఇసుక చార, మళ్లీ బంకమట్టి, అందులో నత్తగుల్లలు. ఆ ఇసుక ఏదో పెద్ద వరద తెచ్చి పోసిందే. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక ఈ మట్టి ట్రాక్టర్లకెక్కి చేలకు పోయింది. చేనుకు బలమే, కాదనను. కానీ ఇలాంటి పొరలు లెక్కబెట్టే, మంచుయుగం ఎప్పుడు ముగిసిందో తేల్చారు.

మొదలుపెట్టింది స్వీడన్‌కు చెందిన భూవిజ్ఞాని గెరార్డ్ డి గీర్. 1878లో స్టాక్‌హోం దగ్గర బంకమట్టిలో జంట చారలు గమనించాడు. వేసవిలో మంచు కరిగిన నీళ్లు తెచ్చిన లేతరంగు ఒండ్రు ఒకటి, చలికాలం నిశ్చల జలంలో మెల్లగా దిగిన మెత్తటి ముదురు మట్టి ఇంకొకటి. రెండూ కలిస్తే ఒక ఏడాది. 1905లో విద్యార్థులను వెంటేసుకుని చోటు చోటుకూ తిరిగి ఈ చారలు లెక్కించాడు. ఓపిక అంటే అదీ!

1901లో డెన్మార్క్‌లోని అలెరోడ్ ఇటుకల మట్టిగుంటలో మరో వింత బయటపడింది. కింద చలిదేశపు డ్రయాస్ మొక్క ఆకులు, మధ్యలో వెచ్చటి కాలపు బురద, పైన మళ్లీ అవే ఆకులు. వేడెక్కుతున్న నేల మళ్లీ చలిలోకి జారిందన్నమాట. ఆ రెండో చలి సుమారు 12,900 నుంచి 11,700 ఏళ్ల కిందటిదని ఇప్పుడు తెలుసు. 1916లో స్వీడన్‌కే చెందిన భూవిజ్ఞాని లెనార్ట్ ఫాన్ పోస్ట్ పుప్పొడి లెక్కను తోడు చేశాడు. పుప్పొడి పైతొడుగు బురదలో వేల ఏళ్లు చెడదు, దాన్నిబట్టి అప్పటి చెట్లు తెలుస్తాయి.

మంచుయుగంలో మన దగ్గర, హిమాలయాల్లో తప్ప, మంచు పేరుకోలేదు, వానలు తగ్గాయి. రాజస్థాన్‌లోని డీడ్వానా సరస్సు అడుగున ఆ కాలం ఉప్పు పొరలుగా మిగిలింది.

మరి రామప్ప చెరువు? గుడి శాసనం 1213 నాటిది, చెరువూ ఆ కాలపుదే. ఎనిమిది వందల ఏళ్ల పూడికలో మంచుయుగం ఎక్కడ దొరుకుతుంది? పొరుగున మహారాష్ట్రలోని లోణార్ సహజ సరస్సే, అయినా అక్కడ తీసిన బురద దాదాపు 11 వేల ఏళ్ల దగ్గరే ఆగింది. మన గోదావరి లోయలో బొగ్గు పొరల అడుగున హిమానీనదాలు ఈడ్చుకొచ్చిన గుండ్లున్నాయి గానీ, అవి దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందటి వేరే మంచుయుగానివి.