గోల తగ్గింది కదా, ఇంకా ఎందుకు పడుకునే ఉంటున్నాడు?

ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే చాలు, 'వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలి' అని నవ్వేస్తాం. అదే మన ఇంట్లో ఇరవై ఏళ్ల కుర్రాడు అర్ధరాత్రి గోడవైపు తిరిగి ఎవరికో జవాబు చెబుతుంటే మాత్రం ఆస్పత్రి ఊసే ఎత్తం. ముందు తాయెత్తు, తర్వాత దర్గా, ఆ తర్వాత చేతబడి ఎవరు చేశారని ఆరా, చివరికి 'పెళ్లి చేస్తే కుదుటపడతాడు'. ఈలోగా ఏడాదో రెండేళ్లో పోతాయి, పాపం ఆ వచ్చిన పిల్ల సంగతి సరేసరి.

ఆ కుర్రాడిది స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు కావచ్చు. అంటే ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులు ఉండటం కాదు. 1908లో యూజెన్ బ్లాయిలర్ అనే స్విస్ డాక్టరు ఈ మాట వాడాడు, గ్రీకులో విడదీస్తే 'చీలిన మనసు' అని వస్తుంది, అక్కడే జనం పొరబడ్డారు. ఆయన చెప్పింది ఆలోచనకీ భావానికీ పొంతన తెగిపోవడం గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో సుమారు 300 మందిలో ఒకరికి ఉంది. ఎక్కువగా ఇంటరు, డిగ్రీ వయసు నుంచి ముప్పై లోపు మొదలవుతుంది, ఆడవాళ్లలో కాస్త ఆలస్యంగా.

గోల చేసే లక్షణాలు అందరికీ తెలుస్తాయి: లేని గొంతులు వినపడటం, టీవీలో యాంకరు తనకే సైగ చేస్తోందనుకోవడం, అన్నంలో విషం కలిపారని కంచం తోసెయ్యడం. మెదడులో డోపమిన్ అనే రసాయనం 'ఇది ముఖ్యం, పట్టించుకో' అని గుర్తు వేస్తుంటుంది, అది అదుపు తప్పి పక్కింటాయన దగ్గుకి కూడా గుర్తు వేసేస్తే, ఆ దగ్గుకి ఏదో అర్థం వెతుక్కోక తప్పదు. ఇది ఒక వివరణే, మొత్తం కథ కాదు. మందులు ముఖ్యంగా పనిచేసేది ఇక్కడే, చాలామందికి కొన్ని వారాల్లో గోల తగ్గుతుంది.

అసలు చిక్కు ఆ తర్వాత. గొంతులు ఆగాయి, కానీ కుర్రాడు స్నానం చెయ్యడు, స్నేహితుడి ఫోను ఎత్తడు, అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబిస్తాడు, ముఖంలో సంతోషమూ కనిపించదు, ఏడుపూ కనిపించదు. 'రోగం పోయింది, బద్ధకం మిగిలింది' అంటారు ఇంట్లో. అది బద్ధకం కాదండీ, చాలాసార్లు జబ్బులో సగం అదే, ఇప్పుడున్న మందులకి అంతగా లొంగని సగం. (కొన్నిసార్లు మందు మోతాదు ఎక్కువైనా, దిగులు పట్టుకున్నా అలాగే ఉంటుంది, డాక్టరుకి చెప్పాలి.) లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లిన రోగుల్ని గమనిస్తే, సూటిపోటి మాటలు, మితిమీరిన పట్టింపు ఉన్న ఇళ్లలో జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. జబ్బు తల్లిదండ్రుల వల్ల వచ్చిందని కాదు దానర్థం. పొద్దున్నే పాలప్యాకెట్ తెచ్చే పని ఒక్కటి అప్పజెప్పి, తెస్తే బాగుందనడం, తేకపోతే ఊరుకోవడం, అంతే మొదట్లో.

'బాగానే ఉన్నాను' అని మాత్రలు మానెయ్యడం మరో పెద్ద సమస్య. మందులవల్ల ఒళ్లు పెరగడం, షుగరు, చేతులు బిగుసుకోవడం, కాలు ఒకచోట నిలవకపోవడం నిజంగానే ఉంటాయి, మందు మార్చమనో తగ్గించమనో అడగొచ్చు. కూరలో రహస్యంగా మాత్ర కలపడం మాత్రం వద్దు. అన్నంలో ఏదో కలుపుతున్నారని అనుమానించేవాడికి అది బయటపడితే ఇక ఏం చెప్పి నమ్మిస్తారు? రోజూ మాత్రలకి బదులు నెలకోసారి వేసే ఇంజెక్షన్లున్నాయి. రెండు రకాల మందులు సరిగ్గా వాడినా ఫలితం లేకపోతే క్లోజపిన్ అనే మందు ఉంది, తెల్లరక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి రక్తపరీక్షలు తప్పనిసరి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ, తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోతానన్నా, తిండీ నీళ్లూ మానేసినా ఫోనుతో సరిపెట్టకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక జబ్బునీ వైకల్యంగానే లెక్కిస్తుంది, ఆ వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే సర్టిఫికెట్‌తో రాయితీలు అడగొచ్చు. గొలుసులతో కట్టెయ్యడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నిషిద్ధం. 2001లో తమిళనాడు ఏర్వాడిలో మానసిక రోగుల్ని కట్టేసి ఉంచిన చోట మంటలొచ్చినప్పుడు గొలుసులు తెంపుకోలేక 28 మంది పోయారు.

ఇంతకీ ఎర్రగడ్డకి వెళ్లడమంటే అక్కడ వదిలేసి రావడం కాదు. ఓపీలో చూపించుకుని, మందులు పట్టుకుని అదే రోజు ఇంటికొచ్చేసేవాళ్లు చాలామందే ఉంటారు.